తీగ పెట్టని పన్నెండో చానల్

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మా నాయిన కల్లు గీసెటందుకు తాళ్లెక్కెటోడు, రాయికల్ దిక్కు మా ఊరు. ఎన్నో ఏండ్లు తెల్లారకముందే ఒక్కడే తాటివనంల తిరిగిండు. ఏదన్న కనబడ్డదా నాయినా అని చిన్నప్పుడు అడిగితే, "పాములు కనబడ్డయ్ కొడుకా" అనెటోడు. అంతకు మించి ఏం చెప్పలే. నేను గూడ గసొంటోణ్ణే.

కోరుట్లల నాది సౌండ్ సిస్టం పని. పెండ్లిళ్లు, బడి పండుగలు, సన్మానాలు, ఏదుంటే అది. ఇరవై ఏండ్ల సంది ఇదే. మైకు సతాయిస్తె దానికో కారణముంటది. గుయ్యిమంటే ఎర్తింగు. చిటపటలాడితే తీగ. కీచుమని కూస్తే మైకు పోయి స్పీకరు ముంగట నిలబడ్డట్టు. కారణం దొరకలేదంటే, నువ్వు సక్కగ ఎతకలేదన్నట్టు.

ఈ మాట నాది కాదు, యాకూబ్ చిచ్చాది. చిన్నాయిన అసొంటోడు, నాకు పని నేర్పిన మనిషి. మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాక ఏ హాల్ల ఏ ప్లగ్గు వదులున్నదో ఆయనకు నోటికి వచ్చు. తీగను మోచేతికి చుట్టనియ్యకపోయేది. "అరే తిరుపతీ, తీగకు గూడ ఒక నడక ఉంటది బేటా, దాని నడకల అది చుట్టుకోవాలె" అనెటోడు. మైకు చూసెటప్పుడు ఒకటి, రెండు, మూడు అనకపోయేది. వేలుతోని రెండుసార్లు తట్టి, "సునో... సునో..." అనెటోడు. ఇను, ఇను అని చెప్పేది మనుషులకా, మైకుకా అని నేను నవ్వెటోణ్ణి.

ఇప్పుడు నేను చెప్పేది దయ్యం ముచ్చట అనుకోండ్రి, ఇంకేమన్న అనుకోండ్రి. నాకైతే ముందు సిగ్గు ముచ్చట. అది చెప్పకుంటే మిగిలింది చెప్పరాదు.

పోయినేడు ఎండకాలం. కోరుట్లల ఒక పెద్ద సారు రిటైర్మెంటు సభ. హాలు నిండ మంది. నేను కొత్తగ డిజిటల్ మిక్సర్ కొన్న, మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే డబ్బా. దాంట్ల అన్నీ తెర మీదనే. చిచ్చాకు అది చేతికి రాలే, పాత మిక్సర్ల మీద గుండీలు తిప్పి అలవాటు. పైంగ స్పీకర్ల పక్కపొంటి నలబై ఏండ్లు కూసున్న మనిషికి చెవులు దాదాపు పోయినయ్. అయినా నేను పిలవకున్నా అచ్చెటోడు. ఆ దినం గూడ అచ్చిండు.

సారు దగ్గర చదివిన పిల్లలు పన్నెండు మంది ప్రార్థన పాడాలె. అందరికీ తలా ఒక మైకు ఇయ్యరాదు గద. దూరంకెల్లే గొంతు గుంజుకునే సున్నితమైన మైకులుంటయ్, అవి మూడు పెట్టిన. వాటికి కరెంటు కావాలె. మిక్సర్ ఆ కరెంటును మైకు తీగలకెల్లే పంపుతది, వేరే తీగ కంటికి కనబడది. దాన్నే ఫాంటం అంటరు. ఇంగ్లీషుల ఆ మాటకు దయ్యమనే అర్థమని మా కొడుకు చెప్పిండు. మిక్సర్ల ఒక్కొక్క మైకుకు ఒక్కొక్క చానల్ ఉంటది. దాని నోరు ముయ్యకుండ, అంటే మ్యూట్ చెయ్యకుండ, ఆ ఫాంటం బటన్ ముట్టినవనుకో, స్పీకర్ల నుంచి తుపాకి పేలినట్టు ధడేల్మంటది. ఈ పనిల మొదటి రోజు నేర్చుకునే పాఠం గది.

పిల్లలు పాడుతుంటె రెండో మైకు చిటపటలాడుతున్నది. చిచ్చా వంగి చూసిండు. ఆయనకు సప్పుడు ఇనబడలే, మిక్సర్ మీద లైట్లు ఎగిరే తీరు చూసి చెప్పిండు.

"రెండో తీగల పిన్ను కాడ సోల్డరింగ్ ఊడింది బేటా. ఫాంటం కరెంటు సక్కగ పోతలేదు. చానల్ నోరు మూసి, తీగ మార్చు."

"నాకు తెలుసు, ఆగు" అన్న. నాకు తెల్వదు. నేను తెర మీద ఒకటెనక ఒకటి ఒత్తుతున్న. ఆయన చెయ్యి చాపి రెండో చానల్ చూపెడుతున్నడు. గప్పుడే ధడేల్మన్నది. ముంగటి వరసల ముసలామె ఛాతి పట్టుకున్నది. పిల్లలు పాట ఆపిండ్రు.

ఆయన చెయ్యి మిక్సర్ మీద ఉన్నది. నా కోపం ఆగలే.

"చెవిటోనివైనవ్, ఇంకా ఎందుకస్తవ్ నా పానం తియ్యనీకి? ఇంట్ల కూసోరాదు!"

స్టేజి మీదోళ్లతోని మాట్లాడనీకి మిక్సర్ కాడ మాకొక చిన్న మైకుంటది. దాన్ని నేను బందుజెయ్యలే. నా మాట నాలుగు స్పీకర్లల్ల మోగింది. హాలంత ఇన్నది. ఒకళ్లిద్దరు నవ్విండ్రు, వాళ్లను చూసి ఇంకింత మంది నవ్విండ్రు.

ఇనబడనిది చిచ్చా ఒక్కనికే. మంది నవ్వుతున్నరని ఆయన గూడ నవ్విండు. "ఏమన్నరు?" అని నన్నే అడిగిండు. నేను తల వంచుకున్న. పక్కన కుర్చీల కూసున్న ఒకాయన చెవు చూపెట్టి, చెయ్యి ఊపి సైగ చేసిండు. ఆ నవ్వు ఆయన మొఖం మీద నుంచి ఎట్ల పోయిందో నేను చూసిన. చూడకపోతే బాగుండు అనిపిస్తది.

చిచ్చా నడక తప్పకుండ ఒక తీగ చుట్టి డబ్బాల పెట్టిండు. రుమాలుతోని చేతులు తుడుసుకున్నడు. పోయిండు.

సామాను సదిరెటప్పుడు రెండో తీగ ఇప్పి చూసిన. పిన్ను కాడ సోల్డరింగ్ ఊడి ఉన్నది. తర్వాత మిక్సర్ల చూసిన. అంతకుముందు రోజు ప్రోగ్రాం సెట్టింగు ఒకటి దాచిపెట్టి ఉండె, తొందరల దాన్ని ఒత్తిన. అదే ఫాంటంను మార్చింది. ఒత్తింది నేను. చిచ్చా ఏం ముట్టలే.

ఈ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే. ఇంట్ల గూడ చెప్పలే.

చిచ్చా మల్ల రాలే. మూడు నెలలకు పక్షవాతమచ్చింది. భార్య ఎప్పుడో పోయింది, ఒక్కతే బిడ్డ షాహీన్, సిరిసిల్లల ఉంటది. ఆమె వచ్చి తోల్కపోయింది. మాట పూర్తిగ పోయిందని మంది చెప్పంగ ఇన్న. పోవాలె అనుకున్న. వచ్చే వారం పోదామనుకున్న. పండ్లు కొని గూడ ఒకసారి బస్టాండు దాక పోయి, ఎనుకకు మళ్లి ఆ పండ్లు మా ఇంట్లనే తిన్నం. రెండుసార్లు సిరిసిల్లకు ప్రోగ్రాముకు పోయిన. ఆమె ఇల్లు ఉన్న గల్లీ ముంగట నుంచే బండి పోయింది. నేను ఫోను చూసుకుంట కూసున్న.

ఈ వానకాలం జగిత్యాలల బడి పిల్లల పాటల పోటీ పెట్టిండ్రు. పొద్దుగాల పది గంటలకు మొదలు. పెద్ద హాలు, తల్లిదండ్రులంత వచ్చిండ్రు. వానల తడిసిన కాళ్లతోని పిల్లలు ఎక్కి దిగి స్టేజంత బురదైతే, ఒకామె తడి బట్టతోని తుడిసింది. ఆ తడి ఇంకా ఆరలే.

పదకొండు దాటినంక కరెంటు పోయింది. హాలోళ్లు జనరేటర్ ఏసిండ్రు. లైట్లచ్చినయ్, నా మిక్సర్ అచ్చింది, కాని స్పీకర్లల్ల గుయ్యిమని ఒక సప్పుడు మొదలైంది. ఇంతకుముందు లేకుండె. ఏ చానల్ నుంచి వస్తున్నదో చూద్దామని హెడ్‌ఫోను పెట్టుకున్న. మా మిక్సర్ల ఒక్కొక్క చానల్‌ను యేరే పెట్టి, నేనొక్కణ్ణే ఇనొచ్చు. బయటికి పోదు. ఒకటి, రెండు, మూడు, వరసగ ఇనుకుంట పోతున్న. అన్నిట్ల గదే గుయ్యి.

అప్పటిదాక పాడిన పిల్లలు మామూలు స్టాండు మైకుల పాడిండ్రు. ఏం కాలే. పేర్లు పిలిచే టీచరమ్మ చేతుల తీగ లేని మైకున్నది. ఆమె నా పక్కకచ్చి నిలబడి, "అన్నా, ఈ సప్పుడు తగ్గుతదా, పిల్లను పిలవాల్నా?" అని అడిగింది. ఒక్క నిమిషం మేడం అన్న. ఆమె ఆగలే, టైము మించుతున్నది, పేరు పిలిచింది. గొల్లపల్లి దిక్కు పిల్లట, తొమ్మిదేండ్లుంటయేమో. పట్టు పావడ, కాళ్లకు చెప్పులు లేవు.

నేను పన్నెండో చానల్ ఒత్తిన. ఎందుకొత్తిన్నో తెల్వదు, వరసల అచ్చింది, ఒత్తిన. పన్నెండుకు మైకు లేదు. తీగ గూడ లేదు. ఫాంటం బందే ఉన్నది. ఖాళీ చానల్ అది.

గుయ్యి ఆగిపోయింది. హెడ్‌ఫోన్ల ఏం లేదు. తలుపు మూసిన అర్రల కూసున్నట్టు. తర్వాత వేలుతోని రెండుసార్లు తట్టిన సప్పుడు.

"సునో... సునో..."

ఆ గొంతు నేను ఇరవై ఏండ్లు ఇన్న గొంతు. పక్షవాతమచ్చిన మనిషి గొంతు కాదు, మంచిగున్నప్పటిది. కొంచెం గరగర, అల్లం చాయ తాగినంక ఉండే తీరు. తొందర లేదు, కోపం లేదు. పని చెప్పేటప్పుడు ఎట్ల మాట్లాడేటోడో గట్లనే.

"తిరుపతీ, పిల్లను మైకు ముట్టనియ్యకు. కరెంటున్నది."

అంతే. మల్ల గుయ్యి.

పక్కనున్న టీచరమ్మ మిక్సర్ దిక్కు వేలు చూపెట్టి ఏదో అంటున్నది. నేను ఇనలే. హెడ్‌ఫోను గుంజి పారేసి, "ముట్టకు! బిడ్డా, ముట్టకు!" అని అరిచిన. మెయిన్ ప్లగ్గు నా కాళ్ల కాడనే ఉన్నది, తన్ని ఊడదీసిన. పిల్ల చెయ్యి స్టాండుకు జానెడు దూరంల ఆగింది. భయానికి ఏడ్వబట్టింది. వాళ్ల నాయిన లేచి నా మీదికి వచ్చిండు, "ఏందయ్యా, పిల్లను గట్ల బెదిరిస్తవా?" అనుకుంట.

నేను అందర్నీ స్టేజి దింపి, నా కాళ్లకు చెప్పులు, కింద పొడి చెక్క ఉన్నయని చూసుకొని, మల్ల ప్లగ్గు పెట్టిన. టెస్టర్ తీసి మైకు జాలికి ముట్టిచ్చిన. టెస్టర్ ఎర్రగ ఎలిగింది. స్టాండుకు ముట్టిచ్చిన, ఎలిగింది. నా మిక్సర్ డబ్బాకు ముట్టిచ్చిన, ఎలిగింది. నేను ప్లాస్టిక్ కుర్చీల కూసొని, ప్లాస్టిక్ బటన్లు ఒత్తుకుంట ఉన్న గాబట్టి నాకు తగులలే. ఆ పిల్ల తడి స్టేజి మీద ఒట్టి కాళ్లతోని ఉన్నది.

హాలోళ్ల ఎలక్ట్రీషియన్ వచ్చి చూసిండు. జనరేటర్ కాడ ఎవరో ఎర్తు తీగను తీస్కపోయి కరెంటు తీగ కాడ బిగిచ్చిండ్రు. ఆ పిల్ల నాయిన టెస్టర్ తన చేత్తోని పట్టుకొని చూసి, అట్లనే కింద కూసున్నడు.

తర్వాత జరిగింది చెప్పనీకి నాకు ఇంకా సిగ్గు. కార్యక్రమం మల్ల మొదలైనంక నన్ను స్టేజి మీదికి పిలిచిండ్రు. శాలువా కప్పిండ్రు. చప్పట్లు కొట్టిండ్రు. "ఎట్ల కనిపెట్టినవ్ అన్నా?" అని టీచరమ్మ మైకులనే అడిగింది.

"అనుభవం మేడం" అన్న.

నిజం చెప్తే నవ్వుతరని భయం కొంత. కాని అదొక్కటే కాదు. చప్పట్లు మంచిగనిపిచ్చినయ్. పోయినేడు ఆ మనిషిని మంది ముంగట తిట్టిన, ఇప్పుడు ఆ మనిషి మాటకు వచ్చిన శాలువా మంది ముంగట నేనే కప్పుకున్న.

సామాను సదిరెటప్పుడు ఆ టీచరమ్మ మల్ల వచ్చింది. "అన్నా, నేను అప్పుడే అడుగుదామనుకున్న. ఆ చివరి దానికి తీగ లేదు గద, మరి పచ్చ లైట్లు ఎందుకు ఎలిగినయ్?" అన్నది. ఏ చివరిది అంటే వేలు పెట్టి చూపెట్టింది. పన్నెండు. మాట్లాడుతుంటె ఎలిగినట్టు పైకి కిందికి ఎలిగినయట. ఆమెకు చానళ్ల గురించి ఏం తెల్వదు, నేను అంతకుముందు ఆమెకు ఏం చెప్పలే.

ఇంటికొచ్చి వారం రోజులు ఎతికిన. ఆ మిక్సర్‌ను పూర్తిగ ఇప్పిన. రేడియో గుంజుకున్నదేమో అనుకున్న. రేడియో నా పేరు పెట్టి పిలవది. ఫోన్ల బ్లూటూతేమో అనుకున్న, దానికి యేరే చానలుంది, ఆ దినం అది బందే ఉన్నది. టీచరమ్మ తీగ లేని మైకేమో అనుకున్న, అది మూడో చానల్. గుయ్యి ఇనంగనే నా మనసుకు ఎర్తింగు అనుమానమచ్చి, ఆ అనుమానమే చిచ్చా గొంతుతోని మాట్లాడిందేమో అన్నడు మా కొడుకు. అయ్యుండొచ్చు. మరి లైట్లు?

ఎనిమిదో రోజు సిరిసిల్ల పోయిన.

ఇంటి ముంగటి షెడ్డుల షాహీన్ పెనిమిటి మరమగ్గాలు నడుపుతడు. అక్కడ సాంచాలంటరు. నాలుగు సాంచాలు ఒక్కసారి నడుస్తుంటె పక్కోని మాట ఇనబడది. ఎనక అర్రల మంచం మీద చిచ్చా ఉన్నడు. సగమైపోయిండు. షాహీన్ ఆయనకు గడ్డం తుడుస్తున్నది. నన్ను చూసి, "ఇప్పుడొచ్చినవా అన్నా" అన్నది. తిట్టినట్టు అనలే. అదే గుచ్చుకున్నది.

ఫలానా రోజు పొద్దుగాల పదకొండు గంటలకు చిచ్చా ఏం జేస్తుండె అని అడిగిన. ఆమె యాదికి తెచ్చుకున్నది. "ఏముంటది అన్నా, గంజి తాపిన, పండుకున్నడు. రోజు గంతే." లేచి కూసునుడు లేదు, పెదవులు కదిలిచ్చుడు లేదు. వింత ఏం జరగలే.

నేను మంచం పక్కన కింద కూసొని, "చిచ్చా, నేను తప్పు చేసిన" అన్న. ఆయన నా నోరు దిక్కు చూస్తున్నడు.

"ఇనబడది అన్నా" అన్నది షాహీన్. "సాంచాల సప్పుడుల అసలే ఇనబడది. గట్టిగ అను. ఒర్రాలె."

ఒర్రిన. మల్ల ఒర్రిన. కోరుట్ల సభల ఏమన్ననో ఆ మాట గూడ చెప్పి ఒర్రిన, ఎందుకంటే ఆ మాట ఆయన తన చెవులతోని ఇననే లేదు. షాహీన్‌కు గూడ అప్పటిదాక తెల్వదు. ఆమె చేతిల బట్ట ఆగిపోయింది. లోపల కొట్లాటైతున్నదనుకొని ఆమె పెనిమిటి సాంచాలు బందుజేసి ఉరికొచ్చిండు. పక్కింటోళ్లు వాకిట్ల నిలబడ్డరు. సప్పుడంత ఒక్కసారి ఆగింది, నా గొంతు ఒక్కటే గల్లీ అవతలి దాక పోయింది.

"బటన్ ఒత్తింది నువ్వు కాదు చిచ్చా! నేనే! నేనే ఒత్తిన!"

వాకిట్ల ఎవ్వరు నవ్వలే.

చిచ్చా కండ్లల్లకెల్లి నీళ్లు కారినయ్. నేను ఆయన చెయ్యి పట్టుకున్న. పక్షవాతం వచ్చినప్పటి సంది కండ్లు అట్లనే కారుతయని షాహీన్ తర్వాత చెప్పింది. అందుకని ఆయనకు ఇనబడ్డదో లేదో, నన్ను మాఫ్ చేసిండో లేదో, నేను చెప్పలేను. మాఫ్ చేసిండని చెప్పుకునే హక్కు నాకు లేదు.

పోయేటప్పుడు వాకిట్ల నిలబడి షాహీన్‌కు జగిత్యాల సంగతి మొత్తం చెప్పిన. నమ్మదనుకున్న. ఆమె నిజమా, అబద్ధమా అని ఏం అడగలే.

"గొంతు ఎట్లున్నది?" అన్నది.

"మంచిగున్నప్పటి తీరే."

"రికార్డైందా అన్నా?"

ఆ దినం పాటలన్నీ పెన్‌డ్రైవ్‌ల రికార్డైనయ్. కాని హెడ్‌ఫోన్ల నేనొక్కణ్ణే ఇనేది దాంట్ల పడది, మిక్సర్ తీరే అంత. అయినా ఇంటికాడ పదిసార్లు పెట్టి ఇన్న, గుయ్యి, తర్వాత నా అరుపు, అంతే. ఇరవై ఏండ్లల్ల ఆయన గొంతు ఒక్కసారి గూడ నేను దాచిపెట్టలే. ఆ మాట చెప్తే ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.

"ఏడాదాయె అన్నా. రోజు తినిపిస్త, కడుగుత, పక్క మారుస్త. ఒక్కపారి 'బేటీ' అంటడేమో అని నోటి దిక్కే చూస్త." ఎనక అర్ర దిక్కు చూసి, "ఎట్లన్నడో అట్లనే అని సూపియ్యవా" అన్నది.

నేను ఆయన అన్నట్టు అని చూపెట్టిన. నా గొంతు నాదే, ఆయనది ఎట్ల వస్తది. ఆమె కండ్లు మూసుకొని ఇన్నది. "ఇంకోసారి" అన్నది. ఇంకోసారి అన్న.

ఇది జరిగి నాలుగు నెలలైంది. చిచ్చా అట్లనే ఉన్నడు, నేను పదిహేను రోజులకోసారి పోతున్న. పన్నెండో చానల్ల మల్ల ఏం ఇనబడలే. లైట్లెందుకు ఎలిగినయో, తీగ లేని కాడికి మాటెట్ల వచ్చిందో అని ఆలోచించుడు తగ్గిచ్చిన. ఇంకొకటే ఎంత తోసినా పోతలేదు. ఆ గొంతు కోసం పగలు రాత్రి ఎదురుచూసేది ఆ బిడ్డ. వస్తే ఆమెకు రావాలె. నాకెందుకు వచ్చిందో నాకు తెల్వదు.